పేరు మనది, పట్టిక ఎవరిది?

2016 నవంబరు మొదటి వారంలో హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రానికి ప్రపంచం నలుమూలల నుంచి ఇంటర్నెట్ పరిపాలనా నిపుణులు తరలివచ్చారు. నిజానికి ఆ సభ జరగవలసింది ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో. అక్కడ జికా వైరస్ ప్రబలడంతో, డొమైన్ పేర్ల వ్యవస్థను నడిపే ఐకాన్ సంస్థ తన 57వ సమావేశాన్ని ఇక్కడికి మార్చుకుంది. దోమ పుణ్యమా అని వచ్చినా అది చరిత్రాత్మక సభే. ఆ ఏడాది అక్టోబరు 1తో ఇంటర్నెట్ పేర్ల మూల పట్టికపై అమెరికా ప్రభుత్వానికి ఒప్పంద రూపంలో ఉన్న పర్యవేక్షణ ముగిసింది. ఆ తర్వాత ఐకాన్ తొలిసారి సమావేశమైంది తెలుగు నేలపైనే. అయితే సభ ముగింపునకు ముందు రోజు, నవంబరు 8 రాత్రి, ప్రధానమంత్రి టీవీ తెరపైకి వచ్చి 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేశారు. ఏటీఎంల ముందు నిలబడిన దేశానికి మూల పట్టిక గొడవ ఎందుకు పడుతుంది?

అంతకు ఎనిమిదేళ్ల ముందూ ఇదే తీరు. 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ పరిపాలనా వేదిక మూడో వార్షిక సమావేశం హైదరాబాద్‌లోనే జరిగింది. ముంబయిపై ఉగ్రవాదుల దాడి ముగిసి అప్పటికి వారం కూడా కాలేదు. ఈ విషయానికి భారత రాజకీయాల్లో ఎప్పుడూ ముహూర్తం కుదరలేదు. కుదరకపోవడానికి కారణం కాకతాళీయాలు మాత్రమే కావు.

భారతదేశానికి 'డాట్ ఇన్' అనే రెండక్షరాల చిరునామా 1989 మే నెలలో దక్కింది. దాని బాధ్యత ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రానిది. అది ప్రభుత్వ పరిశోధనా సంస్థ. విద్యాసంస్థలను కలిపే ఎర్నెట్ అనే నెట్‌వర్కు అప్పటికే రూపుదిద్దుకుంటోంది. విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ అందించింది 1995 ఆగస్టు 15న. అంటే జనం రావడానికి ఆరేళ్ల ముందే ఇంటికి నంబరు వచ్చింది. కానీ ఆ ఇంటి తలుపు తెరవడానికి పదహారేళ్లు పట్టింది. 1992 నుంచి 2004 వరకు డాట్ ఇన్ కింద నమోదైన పేర్లు దాదాపు 7,000 మాత్రమే. పేరు కావాలంటే సంస్థ ఫలానాదని రుజువులు చూపాలి, నిబంధనలకు లోబడాలి, వేచి ఉండాలి. డాట్ కామ్ పేరు కొనడానికి మాత్రం బ్యాంకు కార్డు ఒక్కటి చాలు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే భారతీయ ఇంటర్నెట్ వ్యాపారం పుట్టింది. రాజేశ్ జైన్ నెలకొల్పిన ఇండియావరల్డ్‌ను సత్యం ఇన్ఫోవే 1999లో 499 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. ఆ తరం కంపెనీలన్నీ డాట్ కామ్‌నే ఇంటిపేరుగా పెట్టుకున్నాయి. ఒక దేశం తన పేరును తన వ్యాపారులకు ఇవ్వడానికే సంకోచించిన కాలం అది. ఆ నష్టం తర్వాత పూడలేదు.

పేర్లకు విలువ ఉందని ముందుగా గుర్తించింది ప్రభుత్వం కాదు, న్యాయస్థానాలు. యాహూ పేరును అనుకరించిన వ్యక్తికి వ్యతిరేకంగా ఢిల్లీ హైకోర్టు 1999లో ఉత్తర్వు ఇచ్చింది. 2004 మేలో సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా మాట్లాడింది. సత్యం ఇన్ఫోవే తన 'సిఫీ' పేరు కోసం 'సిఫీనెట్' అనే సంస్థపై వేసిన దావాలో, డొమైన్ పేరు కేవలం చిరునామా కాదనీ, వ్యాపార చిహ్నానికి ఉండే రక్షణ దానికీ వర్తిస్తుందనీ జస్టిస్ రుమా పాల్ తీర్పు రాశారు. హైదరాబాద్ మాతృసంస్థకు చెందిన కంపెనీ గెలిచిన ఆ కేసే నేటికీ ఈ రంగంలో మూలస్తంభం. మాతృసంస్థ పేరు 2009లో ఏమైందో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

2003లో ఏర్పడిన నిక్సి అనే లాభాపేక్ష లేని సంస్థకు డాట్ ఇన్‌ను అప్పగించి, 2005లో నమోదును అందరికీ తెరిచారు. ఫలితం వెంటనే కనిపించింది. 2011 అక్టోబరుకు పేర్ల సంఖ్య పది లక్షలు దాటింది. విధానం మారితే చాలు, జనం సిద్ధంగానే ఉన్నారని తేలింది. అయితే ఆ రిజిస్ట్రీ సాంకేతిక నిర్వహణ ఐర్లండ్‌లో నమోదైన అఫిలియాస్ సంస్థ చేతికి వెళ్లింది. 2019లో అది అమెరికాకు చెందిన న్యూస్టార్‌కు మారింది. మరుసటి ఏడాదే న్యూస్టార్ రిజిస్ట్రీ వ్యాపారాన్ని గోడాడీ కొనుగోలు చేసింది. ఇందులో నేరమేమీ లేదు. చాలా దేశాలు ఈ పని బయటివారికే ఇస్తాయి. కానీ ఇదే దేశం అదే కాలంలో అంతర్జాతీయ వేదికలపై ఏం మాట్లాడిందో పక్కన పెట్టి చూస్తే మాత్రం కొంత నవ్వు వస్తుంది.

2011 అక్టోబరు 26న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, ఇంటర్నెట్ విధానాల కోసం 50 సభ్యదేశాలతో ఒక కమిటీ వేయాలని భారత్ ప్రతిపాదించింది. మన్మోహన్ సింగ్ ప్రభుత్వ ప్రకటనను చదివినవారు బీజేపీ ఎంపీ దుష్యంత్ సింగ్. పార్లమెంటరీ ప్రతినిధి బృందాల్లో ఇలాంటివి మామూలే. ఇంటర్నెట్‌ను ప్రభుత్వాల చేతికి అప్పగించడమేనంటూ దేశంలో నిరసనలు వచ్చాయి. రాజ్యసభలో రాజీవ్ చంద్రశేఖర్ గట్టిగా వ్యతిరేకించారు. 2012 డిసెంబరులో దుబాయ్‌లో 89 దేశాలు కొత్త టెలికాం ఒప్పందంపై సంతకం చేస్తే, భారత్ చేయలేదు. 2014 ఏప్రిల్‌లో సావోపావ్లో సదస్సు తీర్మానానికీ మద్దతు ఇవ్వలేదు. 2015 జూన్‌లో బ్యూనస్ ఎయిరిస్ ఐకాన్ సమావేశంలో మంత్రి రవిశంకర్ ప్రసాద్, ప్రభుత్వాలతో పాటు కంపెనీలు, పౌర సంఘాలు, సాంకేతిక నిపుణులు కలిసి నడిపే పద్ధతికే తమ మద్దతని ప్రకటించారు. నాలుగేళ్లలో ఇంత దూరం నడిచిన దేశం, ఆ మలుపు ఎందుకు తీసుకుందో పార్లమెంటులో సవివరంగా చర్చించి ఉంటే బాగుండేది.

ఇరుగుపొరుగు దేశాలు ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టాయి. నేపాల్ చిరునామాను కాఠ్మాండులోని మర్కెంటైల్ అనే ప్రైవేటు కంపెనీ నిర్వహిస్తుంది. నేపాలీలకు పేరు ఉచితం. పాకిస్తాన్‌దీ ప్రైవేటు నిర్వహణే. 2012 నవంబరులో ఆ రిజిస్ట్రీలోకి చొరబడినవారు గూగుల్ పాకిస్తాన్ పేజీతో సహా వందలాది చిరునామాలను మళ్లించేశారు. తాళం చెవి ఒక్కచోటే ఉంటే ఏం జరుగుతుందో ఈ ప్రాంతానికి ఆ రోజు తెలిసింది. శ్రీలంక 2010లోనే సింహళంలో, తమిళంలో దేశం పేరును మూల పట్టికలో ఎక్కించింది. అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, రెండు లిపులూ పక్కపక్కనే. బంగ్లాదేశ్ తన భాషలో పేరును 2016 చివరలో తెరిచింది. వీటన్నింటికీ కలిపి ఒక ప్రాంతీయ వ్యూహం మాత్రం లేదు. ఉండవలసిన వేదిక సార్క్. యూరీ దాడి తర్వాత 2016 నవంబరు ఇస్లామాబాద్ శిఖరాగ్ర సభ రద్దయింది. హైదరాబాద్‌లో ప్రపంచం కూర్చున్న నెలలోనే దక్షిణాసియా బల్ల ఖాళీగా ఉండిపోయింది.

రాజకీయ నాయకులు కలవలేని చోట అక్షరాలు కలిశాయి. బ్రాహ్మి నుంచి పుట్టిన తొమ్మిది లిపులకు మూల పట్టికలో ఏ అక్షరాలు అనుమతించాలో తేల్చడానికి నియో బ్రాహ్మి అనే బృందం ఏర్పడింది. అందులో పొరుగు దేశాల నిపుణులూ పనిచేశారు. తెలుగు నియమాలు 2019లో అమల్లోకి వచ్చాయి. తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒకే లిపి కావడం వల్ల ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కంప్యూటరుకు రెండు వేర్వేరు అక్షరాలు, కంటికి ఒక్కటే. ఒకరు తెలుగులో నమోదు చేసిన పేరునే మరొకరు కన్నడ అక్షరాలతో నమోదు చేసి మోసగించవచ్చు. అందుకే అలాంటి జంటలను గుర్తించి, ఒకటి ఇస్తే రెండోది వేరొకరికి దక్కకుండా నియమం పెట్టారు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలో పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య నిలిచే కనిపించని గుర్తును అక్కడ అనుమతించలేదు. అది లేకపోతే 'వే' కాస్తా ఒత్తుగా కిందికి దిగిపోతుంది. పత్రికా కార్యాలయాల్లో అక్షరం కోసం కుస్తీ పట్టినవారికి ఈ బాధ అర్థమవుతుంది.

'డాట్ భారత్' దేవనాగరిలో 2014 ఆగస్టులో ప్రారంభమైంది. తెలుగు సహా ఇతర లిపుల్లోనూ దేశం పేరు మూల పట్టికలోకి ఎక్కింది. దేశం పేరుకు ఇన్ని లిపుల్లో చిరునామాలున్న దేశం మరొకటి లేదు. కానీ దుకాణం బోర్డుపైనో, పెళ్లిపత్రికపైనో తెలుగు డొమైన్ పేరు ఎంతమంది చూసి ఉంటారు? 2017లో రాజస్థాన్ ప్రభుత్వం హిందీ ఈమెయిల్ చిరునామాలు ఉచితంగా ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వసుంధరా రాజే, ఐరాసలో ఆ ప్రకటన చదివిన ఎంపీకి తల్లి. ఐరాసలో కుర్చీ కోసం కుమారుడు చదివిన ప్రకటన కంటే తల్లి ఇచ్చిన ఈమెయిలే సామాన్యుడికి దగ్గరి పని. అయినా అలాంటి చిరునామాను దరఖాస్తు ఫారంలో నింపితే 'చెల్లదు' అనే ఎర్ర అక్షరాలు ఎదురవడం మామూలే. ఇంగ్లిష్ అక్షరాలను మాత్రమే గుర్తించేలా రాసిన ప్రోగ్రాములు ఇంకా అనేకం నడుస్తున్నాయి. వాటిని సరిదిద్దడానికి అంతర్జాతీయ ఒప్పందం అక్కరలేదు. ప్రభుత్వ టెండరులో ఒక షరతు చాలు.

2012లో కొత్త అగ్రశ్రేణి పేర్లకు దరఖాస్తులు పిలిచినప్పుడు 1,930 వచ్చాయి. ఉత్తర అమెరికా నుంచి 911, యూరప్ నుంచి 675, ఆసియా పసిఫిక్ అంతటి నుంచి 303, ఆఫ్రికా నుంచి 17. ఆ విడతలో భారత ప్రభుత్వం గొంతు వినిపించింది ప్రధానంగా అభ్యంతరాల్లోనే. క్రిస్లర్ కార్ల కంపెనీ అడిగిన 'రామ్', రిలయన్స్ అడిగిన 'ఇండియన్స్' వద్దని చెప్పింది. తదుపరి విడతను 2026 ఏప్రిల్ 30న తెరవాలని ఐకాన్ నిర్ణయించింది. ఒక్క పేరుకు దరఖాస్తు రుసుము 2,27,000 డాలర్లు. తెలుగు అక్షరాల నియమావళి ఏడేళ్లుగా సిద్ధంగా ఉంది. దరఖాస్తు చేసే ఆలోచన అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఎవరికైనా ఉన్నట్టు ఇంతవరకు వినిపించలేదు.