పుంగనూరు ఆవు, మదనపల్లె పట్టుపురుగు: లింగభేదాల్లో హార్మోన్ల పాత్ర

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా పోయే పడమటి మండలాల్లో పశువుల కొట్టం, పట్టుపురుగుల షెడ్డు ఒకే పెరట్లో పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ఆవు ఈనగానే రైతు అడిగే మొదటి మాట పెయ్యదూడా, కోడెదూడా అని. షెడ్డులో ఆ ప్రశ్న ఎవరూ వేయరు. మగపురుగు గూటిలో పట్టు పాలు ఎక్కువని తెలిసినా, మేస్తున్న వేల పురుగుల్లో ఏది ఆడో ఏది మగో చూపుకు ఆనదు. ఈ రెండు జీవాలనూ కలిపి చదివితే, మనం అలవాటుగా చెప్పుకునే ఒక మాటను సరిదిద్దుకోవలసి వస్తుంది. ఆడ, మగ శరీరాల తేడాకు హార్మోన్లే కారణమన్నది ఆ మాట. ఆవు విషయంలో అది చాలావరకు నిజం. పట్టుపురుగు విషయంలో నిజం కాదు.

కోడెకు చిన్నప్పుడే బీజాలు తీయిస్తే ఏమవుతుందో శాస్త్రం చెప్పకముందే సేద్యగాడికి తెలుసు. మెడ ఆంబోతు మెడలా బలియదు, మూపురం అంతగా లేవదు, పొగరు తగ్గుతుంది. కాళ్ళు మాత్రం కాస్త పొడుగు సాగుతాయి. ఎముక చివర ఉండే పెరుగుదల పొర మూసుకోవడానికి బీజాల హార్మోన్లు కావాలి. అవి అందకపోతే ఎముక మరికొంత కాలం పెరుగుతుంది. జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ 1849లో ఆరు లేత కోడిపుంజుల మీద ఇలాంటి పరీక్షే చేశాడు. బీజాలు పూర్తిగా తీసేసిన వాటికి తురాయి పెరగలేదు, కూత, పోట్లాట పోయాయి. బీజాన్ని తీసి పొట్టలో మరోచోట అతికించిన పుంజులు మాత్రం పుంజులుగానే ఎదిగాయి. నరాల సంబంధం తెగిపోయినా పని జరిగిందంటే, బీజం నుంచి వచ్చేదేదో నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. హార్మోన్ అన్న పేరు పుట్టింది 1905లో, ఈ ప్రయోగం జరిగిన అరవై ఏళ్ళకు దగ్గరగా.

ఈ నెత్తురు దారికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆవు కడుపులోనే ఉంది. ఆవు ఒకే కాన్పులో కోడెనూ పెయ్యనూ ఈనితే, ఆ పెయ్య నూటికి తొంభైకి పైగా గొడ్డుమోతుగా మిగులుతుంది. దీన్ని ఫ్రీమార్టిన్ అంటారు. పైకి పెయ్యలాగే ఉంటుంది, ఎదకు రాదు. కోసి చూస్తే గర్భసంచి ఉండవలసిన చోట సన్నటి పోగులు కనిపిస్తాయి, అండాశయం కొన్నిసార్లు బీజం రూపు దాల్చి ఉంటుంది. షికాగోలో ఫ్రాంక్ లిల్లీ 1916లో దీని గుట్టు విప్పాడు. అదే కాలంలో వియన్నాలో కెల్లర్, టాండ్లర్ కూడా అదే మాట చెప్పారు. కవల పిండాల మాయలు తొలి నెలల్లోనే ఒకదానితో ఒకటి కలిసి, రక్తనాళాలు ఏకమవుతాయి. మగపిండం బీజాలు ముందుగా తయారై హార్మోన్లు వదులుతాయి. అవి తోబుట్టువు ఒంట్లోకి చేరి ఆమె గర్భసంచిని ఏర్పడనివ్వవు. పెయ్య క్రోమోజోముల్లో లోపమేమీ లేదు. అన్న నెత్తురు ఆమె శరీరాన్ని దారి మళ్ళించింది, అంతే.

మరి కోడె ఎందుకు పెయ్యగా మారదు? ఈ ప్రశ్నకు జవాబు కుందేళ్ళ దగ్గర దొరికింది. ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1947లో తల్లి కడుపులో ఉన్న కుందేలు పిండాలకు, అవయవాలు ఏర్పడకముందే, బీజాలూ అండాశయాలూ తీసేశాడు. మగదైనా ఆడదైనా అన్నీ ఆడ అవయవాలతోనే పుట్టాయి. అంటే ఆ దశలో ఆడరూపం కట్టడానికి అండాశయం ఆదేశం అక్కరలేదు. మగరూపానికే ప్రత్యేకంగా ఆదేశం కావాలి. అదీ ఒక్క హార్మోనుతో అయ్యే పని కాదని జోస్ట్ గమనించాడు. టెస్టోస్టెరాన్ మగ అవయవాలను నిలబెడుతుంది కానీ గర్భసంచికి మూలమైన ముల్లేరియన్ నాళాలను కరిగించలేదు. వాటిని కరిగించేది బీజం నుంచే వచ్చే రెండో హార్మోన్. దాన్నే ఇప్పుడు యాంటీ ముల్లేరియన్ హార్మోన్ అంటున్నాం. బీజాలు తయారుకమ్మని మొదటి మాట చెప్పే జన్యువు, వై క్రోమోజోమ్ మీది ఎస్.ఆర్.వై., 1990లో బయటపడింది. ఆ మాట జన్యువుది. దాన్ని ఒళ్ళంతా మోసేది నెత్తురు.

పుంగనూరు ఆవును చూసేటప్పుడు ఒక తేడా మరవకూడదు. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఆగిపోవడం జాతి లక్షణం. అది ఆడకూ మగకూ ఉంది. ఆ పొట్టితనంలోనే ఆంబోతు మెడ బలిసి, ఆవు కన్నా బరువు తూగడం హార్మోన్ల పని. రెండింటినీ కలిపేసి మాట్లాడితే రెండూ అర్థం కావు.

ఇక షెడ్డులోకి వద్దాం. గుడ్లు తయారుచేసే కేంద్రంలో గూళ్ళను బ్లేడుతో కోసి ప్యూపాలను బయటికి తీస్తారు. అలవాటుపడిన చేతులు ఒక్కో ప్యూపాను వేళ్ళ మధ్య తిప్పి, కడుపు చివర చూసి, ఆడవి ఒక తట్టలో మగవి ఒక తట్టలో వేస్తాయి. ఎనిమిదో ఖండం మీద సన్నటి ఇంటూ గుర్తులాంటి గీత ఉంటే ఆడది. తొమ్మిదో ఖండం మీద గుండ్రటి చుక్క ఉంటే మగది. ఆడదాని ఒళ్ళు బరువు, కడుపు నిండా నాలుగైదు వందల గుడ్లు. తిన్న మేతలో పెద్ద వంతు గుడ్లకే పోతుంది కాబట్టి దాని గూటి బరువులో పట్టు పాలు తగ్గుతుంది. మగది కాస్త తక్కువ మేసినా ఆ నిష్పత్తిలో ఎక్కువ పట్టు అల్లుతుంది.

ఇంత తేడాకూ ఏ లైంగిక హార్మోనూ కారణం కాదు. డచ్చి శాస్త్రవేత్త ఔడెమాన్స్ 1899లోనే పట్టుపురుగుకు దూరపు చుట్టమైన జిప్సీ చిమ్మట గొంగళులకు బీజాలు, అండాశయాలు తీసేసి చూశాడు. పెద్దయ్యాక మగది మగ రెక్కలతోనే, ఆడది ఆడ రెక్కలతోనే వచ్చింది. తర్వాత మైసెన్‌హైమర్ ఆడ గొంగళిలో బీజం అతికించినా రెక్కల రంగు మారలేదు. కోడిపుంజులో బెర్తోల్డ్ చూసిన నెత్తురు దారి ఇక్కడ అసలు లేనే లేదు. పట్టుపురుగులో ఆడతనం డబ్ల్యూ క్రోమోజోమ్ మీద ఉందని 1933లో జపాన్‌లో హాషిమోటో తేల్చాడు. 2014లో కియుచీ బృందం ఇంకా లోపలికి వెళ్ళింది. డబ్ల్యూ నుంచి ఫెమ్ అనే చిన్న ఆర్.ఎన్.ఏ. పుట్టి, మగతనం కలిగించే జన్యువు సందేశాన్ని ముక్కలు చేస్తుంది. ఈ పని ప్రతి కణమూ తనలో తానే చేసుకుంటుంది. అందుకే అరుదుగా ఒకే పురుగు సగం ఆడ, సగం మగగా పుడుతుంది. రెండు సగాల చుట్టూ తిరిగేది ఒకే రక్తరసం, అయినా ఏ సగం దారి దానిదే.

పట్టుపురుగుకు హార్మోన్లు లేవని దీని అర్థం కాదు. వాటి పని వేరు. పురుగు మేత మాని, తలెత్తి కదలకుండా పడుకున్నప్పుడు మన రైతులు దానికి జ్వరం వచ్చిందంటారు. నాలుగు జ్వరాలు దాటాకే గూడు కడుతుంది. ఆ జ్వరం ఎక్డైసోన్ హార్మోన్ పని, ఇంకా పురుగుగానే ఉండమనేది జువెనైల్ హార్మోన్. ఆడ ప్యూపాలో గుడ్లు పెరగడానికీ ఎక్డైసోన్ కావాలి, కానీ ఆ పురుగు ఆడదని తేల్చింది అది కాదు.

ఈ రెండు లోకాలనూ కలిపిన రసాయన శాస్త్రవేత్త జర్మనీకి చెందిన అడాల్ఫ్ బూటెనాంట్. 1929లో ఈస్ట్రోన్‌ను, 1931లో ఆండ్రోస్టెరాన్‌ను వేరుచేశాడు. వాటికి 1939 నోబెల్ బహుమతి వచ్చింది. అదే మనిషి కార్ల్‌సన్‌తో కలిసి 1954లో 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ స్ఫటికాలు తీశాడు. నిర్మాణం తేలాక అదీ టెస్టోస్టెరాన్ లాగా స్టెరాయిడేనని బయటపడింది. కీటకాలు స్టెరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. మల్బరీ ఆకులోని స్టెరాలే పురుగు ఒంట్లో జ్వరపు హార్మోనుగా మారుతుంది. ఒకే రసాయన కుటుంబం ఆవులో మగరూపాన్ని కడుతోంది, పురుగులో పొర విడిపిస్తోంది. ఏ పదార్థం అన్నది కాక, ఏ కణం దాన్ని ఎలా వింటుంది అన్నదే అసలు ప్రశ్న అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

అదే పెరట్లో తిరిగే కోడి ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. తురాయి హార్మోన్ మాట వింటుందని బెర్తోల్డ్ చూపాడు కదా. 2010లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ సంస్థవారు ఒక పక్క పుంజు, ఒక పక్క పెట్టగా ఉన్న మూడు కోళ్ళను పరీక్షించారు. రెండు పక్కలా పారేది ఒకే నెత్తురు, అయినా తురాయి, కండ రెండు రకాలుగా ఉన్నాయి. కోడి కణాలు హార్మోన్లు వింటూనే తమ సొంత గుర్తింపునూ నిలుపుకుంటాయి.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. పట్టుపురుగులో బిడ్డ ఆడో మగో తేల్చేది తల్లి గుడ్డు. ఆవులోనూ మనిషిలోనూ తేల్చేది తండ్రి వీర్యకణం. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించే ఇంట్లో ఈ సంగతి ఇంకా గట్టిగా చెప్పవలసే ఉంది.

పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుతున్న పుంగనూరు జాతిలో ప్రతి పెయ్యా విలువైనదే. మన నాటు ఆవుల్లో కవలలు అరుదు. అయినా ఎప్పుడైనా కోడె, పెయ్య కలిసి పుడితే, పశువైద్యుణ్ణి పిలిచి ఆ పెయ్య నెత్తురులో మగ కణాలు కలిశాయేమో పరీక్ష చేయించండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని పాడి కోసం అమ్మవద్దు, కొనవద్దు.