నేతగాళ్ళ పేరు పెట్టుకున్న పాటగాళ్ళు



1844లో ప్రష్యా రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలో చేతిమగ్గాల మీద బతికేవాళ్ళు కూలి గిట్టక తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు మీద గెర్హార్ట్ హాప్ట్‌మన్ అనే జర్మన్ రచయిత 1892లో ఒక నాటకం ప్రచురించారు. పేరు ‘నేతగాళ్ళు’. షోలాపూరు పద్మశాలీల ఇళ్ళలో పుట్టి పెరిగినవారికి ఆ నాటకంలోని బాధ నేను విడమరచి చెప్పనక్కర్లేదు. 1948లో న్యూయార్కులో నలుగురు జానపద గాయకులు తమ బృందానికి ఆ నాటకం పేరే పెట్టుకున్నారు. ఇంగ్లీషులో ‘ది వీవర్స్’. పీట్ సీగర్, లీ హేస్, ఫ్రెడ్ హెల్లర్మన్, వారితో పాటు రానీ గిల్బర్ట్ అనే యువతి. ఒక బాంజో, ఒక గిటారు, నాలుగు గొంతులు. ఆస్తి అంతే.

1949 డిసెంబరులో ‘విలేజ్ వాన్‌గార్డ్’ అనే చిన్న క్లబ్బులో పాడడానికి వీళ్ళు కుదిరారు. కొద్ది రోజుల ఒప్పందం కాస్తా ఆరు నెలలు సాగింది. అక్కడ వీళ్ళ పాట విని మనసు పారేసుకున్నాయన గోర్డన్ జెంకిన్స్. డెక్కా రికార్డు కంపెనీలో సంగీత దర్శకుడు. ఆయన పట్టుబట్టి వీళ్ళని ఆ పెద్ద కంపెనీ స్టూడియోకు తీసుకువెళ్ళారు.

1950లో వచ్చిన రికార్డుకు ఒక పక్క ‘త్సేనా త్సేనా’ అనే హీబ్రూ పాట, రెండో పక్క ‘గుడ్‌నైట్ ఐరీన్’. రెండో పాట వెనుక ఒక కథ ఉంది. 1933లో లూయిసియానా రాష్ట్రంలోని అంగోలా జైలుకు జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ రికార్డు చేసే యంత్రం మోసుకుని వెళ్ళారు. హడీ లెడ్‌బెటర్ అనే నల్లజాతి ఖైదీ పన్నెండు తీగల గిటారు మీద పాడేవారు. లోకానికి ఆయన లెడ్‌బెల్లీ. ఆయన నోట వాళ్ళు విన్న పాటల్లో ఐరీన్ ఒకటి. తన ఇంటి పెద్దల దగ్గర నేర్చుకున్న పాట అది.

డెక్కా రికార్డులో ఆ పాట ఒంటరి వయొలిన్‌తో మొదలవుతుంది. వెనుక వాద్యబృందం, కోరస్ మెల్లగా వచ్చి చేరతాయి. ఆనాటి 78 వేగపు రికార్డులో ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే కొంచెం ఎక్కువ. కోత తప్పదు. కానీ కోత పడింది ఎక్కడ? ప్రియురాలు దక్కకపోతే మార్ఫిన్ మింగి చస్తానని లెడ్‌బెల్లీ పాడిన చరణం పోయింది. పల్లవిలో కాస్త మొరటుగా ఉన్న ఒక క్రియాపదం నాజూకైన పదంగా మారింది. చెరసాల నుంచి వచ్చిన పాట తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని పెళ్ళిపందిట్లోకి వచ్చినట్టుంది.

పదమూడు వారాలు అమెరికాలో అదే మొదటి స్థానం. దాదాపు ఇరవై లక్షల రికార్డులు అమ్ముడయ్యాయి. లెడ్‌బెల్లీ 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. తన పాటకు పట్టిన ఆ వైభవాన్ని ఆయన చూడలేదు.

నగిషీ పెడితే పాట చచ్చిపోతుందనే వారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఆ వయొలిన్ లేకపోతే ఐరీన్ అన్ని ఇళ్ళలోకి వెళ్ళేది కాదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొక పాట.

జొహాన్నెస్‌బర్గులో సొలొమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో తన బృందంతో ‘ఎంబూబే’ అనే పాటను గాలో కంపెనీకి రికార్డు చేశారు. ఎంబూబే అంటే సింహం. ఆ కంపెనీలోనే రికార్డులు కట్టలు కట్టే పని ఆయనది. పాట మీద హక్కుకు ప్రతిఫలంగా ముట్టింది పది షిల్లింగులు. ఆ రికార్డు ఆలన్ లోమాక్స్ ద్వారా సీగర్ చేతికి వచ్చింది. ఆయన విని విని రాసుకున్నారు. సింహాన్ని ఉద్దేశించిన ఆ జూలూ పదం ఆయన చెవికి ‘విమోవే’ అని వినిపించింది. వీవర్స్ అలాగే పాడారు. జెంకిన్స్ బాకాలు జోడించారు. 1952లో అది కూడా జనాదరణ పొందింది.

మా బడిలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు తెలుగు పాట నేర్చుకునేటప్పుడు, అర్థం తెలియని మాటను తమకు తెలిసిన చప్పుడుగా మార్చుకుంటారు. తెలుగు పిల్లలూ కన్నడ పాటకు అదే చేస్తారు. తాళం తప్పదు, రాగం తప్పదు. మాట మాత్రం జారిపోతుంది. పిల్లల విషయంలో నవ్వి ఊరుకుంటాం. ఇక్కడ మాటతో పాటు మనిషీ జారిపోయాడు. పాట హక్కుల పత్రాల మీద పడిన పేరు ‘పాల్ క్యాంప్‌బెల్’. అలాంటి మనిషి లేడు. బృందం వాడుకున్న మారుపేరు అది. సంగతి తెలిశాక సీగర్ లిండాకు వెయ్యి డాలర్లు పంపించారు. ఆపై రావలసింది అందుతోందో లేదో చూడలేకపోయానని తరువాత విచారించారు కూడా.

ఇక వీవర్స్ వైభవం ఎంతోకాలం నిలవలేదు. కమ్యూనిస్టులన్న ముద్రతో వీళ్ళను నల్లజాబితాకెక్కించారు. రేడియోలో పాట ఆగింది, డెక్కా వదులుకుంది, 1952లో బృందం చెదిరిపోయింది. వీళ్ళకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినాయన తాను చెప్పింది అబద్ధమని తరువాత ఒప్పుకున్నాడు. 1955 క్రిస్మస్ ముందురోజు కార్నెగీ హాలులో నలుగురూ మళ్ళీ కలిసి పాడారు. ఈసారి వయొలిన్లు లేవు, బాకాలు లేవు. హాలు నిండిపోయింది. ఆ కచేరీని వాన్‌గార్డ్ అనే చిన్న కంపెనీ రికార్డుగా తెచ్చింది. నా చెవికి ఈ రికార్డే ఇంపుగా ఉంటుంది.

సింహం పాట మాత్రం ఆగలేదు. 1961లో టోకెన్స్ బృందం కొత్త ఇంగ్లీషు మాటలతో పాడింది. 1994లో డిస్నీ వారి ‘లయన్ కింగ్’ చిత్రంలో వినిపించింది. లిండా 1962లోనే పేదరికంలో చనిపోయారు. ఆయన వారసులు 2004లో దావా వేశారు. 2006లో రాజీ కుదిరింది. వారసులకు డబ్బు ఇవ్వడానికీ, పాటకు సహరచయితగా సొలొమన్ లిండా పేరు రాయడానికీ ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన పోయి 44 ఏళ్ళు.