గింజలకు కొనడం: చిత్తూరు సీమ పలుకుబడిలో వస్తుమార్పిడి

పాఠ్యపుస్తకాల్లో ‘వస్తుమార్పిడి’ అంటే డబ్బు పుట్టకముందు నాటి సంగతి. 1776లో ఆడమ్ స్మిత్ చెప్పిన కథే ఇప్పటికీ సాగుతోంది. ఒట్టి మార్పిడి మీదే నడిచిన సమాజం ఎక్కడా నమోదు కాలేదని మానవశాస్త్రవేత్త కరోలిన్ హంఫ్రీ 1985లోనే చెప్పింది. చిత్తూరు పల్లెల మాట వింటే ఆ వాదనకు బలం చేకూరుతుంది. ఇక్కడ ‘గింజలకు కొన్నాను’ అంటారు, ‘దుడ్లకు కొన్నాను’ అనీ అంటారు. క్రియ ఒక్కటే. ‘కొను’కు పాత అర్థం తీసుకోవడం. పట్టుకొను, చేసుకొను వంటి మాటల్లో ఆ జాడ ఇంకా ఉంది. బదులుగా ఏమిచ్చారో చెప్పేది చివరి ‘కు’ మాత్రమే. ఇంగ్లీషు ‘బార్టర్’ మూలం వెతికితే పాత ఫ్రెంచిలో మోసగించడం అనే అర్థం తగులుతుంది. మన ‘కొను’లో ఆ అనుమానమే లేదు.

అనుమానం లేదంటే జాగ్రత్త లేదని కాదు. ఉప్పు బస్తా వాకిట్లో దిగితే ఇల్లాలు చేటలో రాగులు తెచ్చేది. పడిని అంచుకు సమంగా తుడిచి కొలవాలా, గోపురంగా పోయాలా అన్నదే అసలు బేరం. ధర మాటల్లో కాదు, కొలిచే చేతిలో ఉండేది.

ఆ ఉప్పును కోస్తా నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి పల్లెలకు చేర్చినవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. ఉప్పు మోసిన శాఖకు ‘ఉప్పు ఎరుకల’ అనే పేరే పడింది. తిరుగు దారిలో వాళ్ల బరువు ధాన్యం. పల్లెలోకి డబ్బు రావడంతో ఈ వ్యాపారం పోయిందనుకుంటే పొరపాటు. 1856లో మద్రాసు నుంచి వాలాజా రోడ్డు దాకా రైలు నడిచింది. వాలాజాతో పాటు ఈ ప్రాంతంలో చాలాభాగం అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లా, చిత్తూరే దాని కేంద్రం. బస్తా రైలెక్కింది, ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, ఎరుకలవాళ్ల దారి మూసుకుంది. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఊరూరికీ ఉప్పు మోసినవాళ్లు ఆ చట్టపు జాబితాకెక్కారు. తిరిగి బతకడమే నేరమైపోయింది. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయినా ముద్ర అంత తొందరగా చెరగలేదు. ఈ వరసను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో విడమరిచి చెప్పింది. వస్తుమార్పిడి చరిత్ర రాసేవాళ్లు దాన్ని చదవకుండా కలం పట్టకూడదని నా అభిప్రాయం.

‘కు’ మాత్రం పోలేదు. తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం ఈ-వేలంలో దుడ్లకు అమ్ముతుంది. కొండ కింద వీధుల్లోనేమో ‘వెంట్రుకలకు స్టీలు సామాన్లు’ అని కేక వినబడితే, దువ్వినప్పుడల్లా ఊడినవి ఉండచుట్టి గోడ సందులో దోపిన ముసలమ్మ వాటిని తీసుకుని బయటికొస్తుంది. కేక వేసినతను ఉండను విప్పి పొడవు చూస్తాడు, అరచేతిలో బరువు చూస్తాడు, చిన్న గిన్నె తీసి ముందు పెడతాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టి, పెద్ద గిన్నె మీద చెయ్యి వేస్తుంది.