గురువు రాని ఊళ్లలో నాయనమ్మలు

ఏ విచారణ జూబిలీ సంచిక తెరిచినా వరస ఒకటే. ముందు పీఠాధిపతి సందేశం, తర్వాత గుడి కట్టించిన గురువు ఫొటో, ఆ వెనక వచ్చినవాళ్లు, ఎవరు ఏ ఏడాది బదిలీ అయ్యారో లెక్కతో సహా. ఆడవాళ్లు కనిపించేది మరియదళం గ్రూపు ఫొటోలో, చాలాసార్లు పేర్లు కూడా లేకుండా. పొద్దుగూకాక మనవల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని జపమాల చెప్పించిన నాయనమ్మకు దక్కేది ‘భక్తిపరురాలు’ అన్న ఒక్క మాట. అది మెచ్చుకోలు మాటేగానీ అందులో చరిత్ర లేదు. తెలుగునాట కథోలిక విశ్వాసం పద్దెనిమిదో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దానికి తెగిపోకుండా చేరిందంటే, అది ఎక్కువగా ఇళ్లలోంచే, తల్లుల చేతుల మీదుగానే చేరిందని నా వాదన.

1700 ప్రాంతంలో ఫ్రెంచి యేసుసభ గురువులు ‘కర్నాటక మిషన్’ పేరుతో పుదుచ్చేరి వైపు నుంచి తెలుగు సీమలోకి వచ్చారు. పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల కాషాయం కట్టి సన్యాసుల్లా బతికారు, తెలుగు నేర్చారు. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని 1767లో ఫ్రాన్సుకు రాసి పంపిన కేర్దూ ఈ మిషన్ మనిషే. ఆయన ఆ మాట రాసేనాటికే ఫ్రాన్సులో యేసుసభ రద్దయింది. 1773లో పోపు 14వ క్లెమెంట్ దాన్ని లోకమంతటా రద్దు చేశాడు. కొత్త గురువుల రాక ఆగిపోయింది. 1776లో ఈ బాధ్యత తీసుకున్న ప్యారిస్ విదేశీ మిషన్ సంఘానికి మనుషులు చాల్లేదు. ఇంతలో ఫ్రెంచి విప్లవం వచ్చి వాళ్ల సెమినరీనే మూయించింది. విశాఖపట్నంలో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు దిగింది 1846లో. రాయలసీమ నుంచి కథోలిక కుటుంబాలు వలస వచ్చి స్థిరపడిన గుంటూరు సీమకు మిల్‌హిల్ గురువులు చేరడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. గురువు అసలే లేడని కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాడు. ఆ మధ్యకాలం మూడు తరాలు.

మూడు తరాలపాటు గురువు లేకుండా ఏది నిలుస్తుంది? పూజ నిలవదు, పాపసంకీర్తనం నిలవదు. జ్ఞానస్నానం, జపమాల, ఉపవాసం నిలుస్తాయి. చిత్రమేమిటంటే ఈ మూడూ జరిగేది ఆడవాళ్ల చేతికింది చోట్లలోనే. పుట్టగానే ప్రాణం మీదికొచ్చిన బిడ్డకు గురువు కోసం ఆగక్కర్లేదని, అవసరమైతే స్త్రీ అయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని ఫ్లోరెన్స్ మహాసభ 1439లోనే స్పష్టంగా చెప్పింది. గురువు బదులు ఊళ్లో జపాలు చెప్పించే ఉపదేశి పురిటి గదిలోకి రాడు. తల మీద నీళ్లు పోసి నాలుగు మాటలు అనాల్సింది మంత్రసానో, బాలింత తల్లో. శుక్రవారం మాంసం వండకపోవడం, తపస్సు కాలంలో ఒంటిపూట, ఇవన్నీ పొయ్యి దగ్గర తేలే సంగతులు. పంచాంగం గురువు దగ్గరున్నా దాన్ని అమలుచేసేది వంటిల్లు.

జపమాల సంగతి ఇంకా గట్టిది. ఒకసారి తిప్పితే మంగళవార్త జపం యాభైమూడు సార్లు వస్తుంది. పెద్దామె సగం చెబుతుంది, మిగతా సగం పిల్లలు అందుకుంటారు. కునికే పిల్లవాడి తొడ మీద ఒక చరుపు, మళ్లీ అందుకోవడం. రోజూ చెబితే ఏడాదికి పందొమ్మిది వేల పైమాటే. దీనికి పుస్తకం అక్కర్లేదు, అక్షరం అక్కర్లేదు. 1901 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో చదువు వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు లేరు. అలాంటి చోట ఇంతకన్నా ఖాయమైన బడి మరొకటి ఉండదు. పైగా గుళ్లో పూజ 1960ల దాకా లాటిన్‌లోనే సాగింది. ఆ పూజలో ఊరివాళ్లకు మాట మాటా అర్థమైంది ఎంతో ఎవరైనా ఊహించుకోవచ్చు. ఇంట్లో జపం మాత్రం మొదటి నుంచీ తెలుగే.

ఆడవాళ్ల గురించి పత్రాలు లేవు కదా, ఇదంతా ఊహే కదా అంటారు. పూర్తిగా నిజం కాదు. 1704లో పోపు ప్రతినిధి టూర్నోన్ పుదుచ్చేరిలో జారీ చేసిన నిషేధాలు చూడండి. పెళ్లిలో వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు, సిలువో మరియమాత రూపమో ఉండొచ్చు. ఆడపిల్ల పెద్దమనిషయితే వేడుక చేయకూడదు. బహిష్టయిన స్త్రీని పాపసంకీర్తనానికి రానివ్వకుండా ఆపకూడదు. ఈ గొడవ 1744 నాటి పోపు ఆజ్ఞతో తేలడానికి నలభై ఏళ్లు పట్టింది. రోము అధికారులు ఆడవాళ్లను మెచ్చుకోవడానికి ఈ కాగితాలు రాయలేదు. మతం నిలిచినా జారిపోయినా అది ఇంటి గడప లోపలేనని వాళ్లకు అర్థమైంది, అంతే. తెలుగు కథోలిక స్త్రీల మెడలో సిలువ ఉన్న తాళి ఇప్పటికీ ఆ తగువుకు సాక్ష్యం.

ఉపదేశులను మరిచారే అన్న అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఆదివారం జనాన్ని పోగుచేసి జపాలు చెప్పించింది, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టించింది వాళ్లే. జపాన్ ఉదాహరణ కూడా వాళ్ల పక్షానే ఉన్నట్టుంటుంది. అక్కడ రెండు శతాబ్దాలకు పైగా గురువులు లేకపోయినా రహస్య క్రైస్తవులు మిగిలారు. పండుగల లెక్క చూసేవాడు, జ్ఞానస్నానం ఇచ్చేవాడు మగవాళ్లే. అయితే 1865లో నాగసాకి గుళ్లో ఫ్రెంచి గురువు దగ్గరికొచ్చి తమదీ అదే మనసని చెప్పి, మరియమాత బొమ్మ ఎక్కడని అడిగింది ఒక స్త్రీ. పదవి మగవాడిది కావచ్చు. ఆ పదవిలోకొచ్చే పిల్లవాడు మొదటి జపం నేర్చింది ఎవరి ఒళ్లో? ఉపదేశి వారానికి ఒకసారి సరిచూసేది ఇంట్లో రోజూ నేర్పినదాన్నే. ఇద్దరిలో ఒకరు లేకపోయినా పని సాగేది కాదు. కానీ ఉపదేశి లేని ఊళ్లో జపం కొంతకాలమైనా బతుకుతుంది, ఇంట్లో చెప్పేవాళ్లు లేని ఊళ్లో అదీ ఉండదు.

కులమే నిలబెట్టిందనేవాళ్ల మాటనూ తోసిపుచ్చలేం. గుంటూరు సీమకు వలస వచ్చిన రెడ్డి కుటుంబాలు తమలో తామే సంబంధాలు కలుపుకున్నాయి, బయటికి పోవడానికి దారి తక్కువ. ఇది మతం మారకపోవడానికి కారణం చెబుతుంది, జపం మరిచిపోకపోవడానికి చెప్పదు. అయినా ఇందులో ఒప్పుకోవాల్సింది ఉంది: జపంతో పాటు ఎవరింట తినాలో ఎవరింట తినకూడదో నేర్పింది కూడా ఆ నాయనమ్మే. దళితుల ఇళ్లలోకి వెళ్లడానికి వేరుగా గురువులను పెట్టుకోవచ్చని 1744 నాటి ఆజ్ఞే వీలు కల్పించాక, ఇంటి పెద్దామెను ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. అలాగని ఆమెను వదిలేసి రాసే చరిత్రా అబద్ధమే.

ఈ వాదనకు ఒక హద్దుంది. దళిత కథోలిక కుటుంబాల్లో చాలావాటికి విశ్వాసం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. అక్కడి మొదటి తరం తల్లికి ఈ జపాలు అత్తగారి నుంచి రాలేదు. కూలికి పోయొచ్చి, రాత్రి దీపం దగ్గర ఉపదేశి వెంట పలికి నేర్చుకుంది. వారసత్వంగా అందాల్సినదాన్ని ఒక్క తరంలోనే తయారుచేసింది. 2022లో పూల అంతోని తొలి దళిత కార్డినల్ అయినప్పుడు పత్రికలు ఆయన హోదా గురించి బోలెడు రాశాయి. దళిత పేటల్లో మొదట జపం నేర్చిన ఆడవాళ్ల కూతుళ్లు, మనవరాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకోవడానికి రోము దాకా పోనక్కర్లేదు, పక్క పేటకు పోతే చాలు.