విభీషణుడు కాని శరణార్థి

శరణు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది విభీషణుడు. రాజుని ధిక్కరించి, సముద్రం దాటి వచ్చిన మగవాడు. అతన్ని నమ్మొచ్చా అని సుగ్రీవుడు అనుమానించాడు.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో ఫౌజియా కసింజా పుస్తకం చదివాను. 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఊహించుకున్న మనిషి కూడా విభీషణుడేనని అప్పుడే అనిపించింది. జాతి, మతం, జాతీయత, ఏదైనా ప్రత్యేక సామాజిక సమూహానికి చెందడం, రాజకీయాభిప్రాయం - ఈ అయిదు కారణాల్లో ఏదో ఒకదానివల్ల హింసిస్తారన్న భయం ఉంటేనే శరణార్థి. స్త్రీ కావడం ఆ జాబితాలో లేదు.

ఫౌజియాది ఆఫ్రికాలోని టోగో. అక్కడ తన తెగలో స్త్రీల జననాంగాలు కోసే ఆచారం నుంచి ఆమెని కాపాడిన తండ్రి 1993లో చనిపోయాడు. మేనత్త ఆమెని ముగ్గురు భార్యలున్న మనిషికిచ్చి పెళ్లి తలపెట్టింది. ఆ కోత జరిగాకే కాపురం. పారిపోయి, 1994 డిసెంబరులో పదిహేడేళ్ల వయసులో అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయంలో దిగింది. పాస్‌పోర్టు తనది కాదని తానే చెప్పి ఆశ్రయం అడిగింది. పదహారు నెలలు నిర్బంధంలో ఉంచారు. ఆమె చెప్పింది నమ్మశక్యంగా లేదన్నాడు మొదటి న్యాయమూర్తి. చివరికి 1996 జూన్ 13న అప్పీళ్ల బోర్డు ఆశ్రయమిచ్చింది.

గ్వాటెమాలా నుంచి వచ్చిన రోడీ అల్వరాడోని మాజీ సైనికుడైన భర్త ఏళ్ల తరబడి కొట్టాడు. ఇంటి గొడవల్లో తాము తలదూర్చమంది అక్కడి న్యాయస్థానం. 1995లో పిల్లల్ని వదిలి అమెరికా చేరింది. మరుసటి ఏడాది దొరికిన ఆశ్రయాన్ని 1999లో అదే అప్పీళ్ల బోర్డు రద్దు చేసింది. హింస జరిగిందని ఒప్పుకుంటూనే, చట్టం చెప్పిన కారణాల్లోకి అది రాదంది. మళ్లీ ఆశ్రయం దొరికేసరికి 2009 డిసెంబరు.

ఎందుకీ తేడా? ఆఫ్రికా ఆచారాన్ని అనాగరికమని ఖండించడం అమెరికాకి తేలిక. మొగుడు కొట్టడాన్ని రాజకీయ హింసగా ఒప్పుకోవాలంటే తన ఇళ్లలోకి కూడా తొంగిచూసుకోవాలి. "సర్దుకుపోమ్మా" అనే మన పోలీసుస్టేషన్లకీ ఆ న్యాయస్థానానికీ ఎంత దూరం? స్త్రీలందరినీ ఒక సామాజిక సమూహంగా పరిగణించవచ్చని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం చెప్పింది 2024 జనవరిలో. ఒప్పందం పుట్టిన డెబ్బై మూడేళ్లకి! మన దేశం ఆ ఒప్పందం మీద సంతకమే చేయలేదు.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఫౌజియా పుస్తకం మార్జిన్లలో అక్కడక్కడా నేనూ ప్రశ్నార్థకాలు పెట్టాను. కథలో పొందిక వెతకడం సాహిత్యం నాకు నేర్పిన అలవాటు. భయంతో, పరాయి భాషలో, అధికారి ముందు చెప్పే మాటల్లో కూడా అదే పొందిక వెతుకుతారు. సుగ్రీవుడు నాలోనూ ఉన్నాడు.

విమానాశ్రయంలో ఆమె పేరుని తప్పుగా రాసుకున్నారు. ఎందరో స్త్రీలకి దారి చూపిన ఆ తీర్పుని ఈనాటికీ ఆ తప్పు పేరుతోనే పిలుస్తున్నారు: కసింగా.