వలీమా విందు: ఎప్పుడు పెట్టాలి, ఎంత వండాలి, ఎలా వడ్డించాలి

నిఖా అయ్యాక పెళ్లికొడుకు తరఫున ఇచ్చే విందే వలీమా. ఇది సున్నత్. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పెళ్లి చేసుకున్నారని తెలిసినప్పుడు, ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా ఇవ్వమని దైవప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీలో ఉంది. హజ్రత్ జైనబ్ (రజి)తో వివాహమప్పుడు ఆయన రొట్టె, మాంసం పెట్టారు. హజ్రత్ సఫియ్యా (రజి) వలీమాలో మాంసమే లేదు, ఖర్జూరాలు, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి అంతే. ఇంకో వలీమా రెండు ముద్‌ల బార్లీతో అయిపోయింది, ఇప్పటి లెక్కలో కిలోన్నర లోపే. అంటే ఇంతకు తగ్గకూడదన్న హద్దు దీన్‌లో లేదు. అప్పు చేసి వెయ్యి మందికి పెట్టమని ఎవరూ అడగలేదు.

మన దగ్గర లెక్క తిరగబడింది. నిఖా రోజు భోజనం పేరుతో పెద్ద ఖర్చు అమ్మాయి తండ్రి మీద పడుతోంది, వలీమా మాత్రం చిన్నగా కానిచ్చేస్తున్నారు. రెండూ కలిపి ఒకే దావత్ పెట్టుకుంటున్న ఇళ్లు కూడా ఉన్నాయి. మంచిదే, కానీ బిల్లు ఎవరు కడుతున్నారో ముందే నోరు విప్పి మాట్లాడుకోవాలి. మొహమాటానికి ఊరుకుంటే అది మళ్లీ అమ్మాయి ఇంటికే చేరుతుంది.

ఇక తేదీ. రంజాన్‌లో ఎలాగూ పెట్టుకోరు. ముహర్రంలో పెళ్లి వద్దనుకోవడం అలవాటే గానీ షరీఅత్‌లో నిషేధం లేదు. అయితే ఆ నెలలో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకి నెల్లూరు కిటకిటలాడిపోతుంది, బయటి చుట్టాలకి గదులు దొరకడం కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వానలు, వాయుగుండాలు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. ఆ నెలల్లో షామియానా నమ్ముకోకుండా పైకప్పున్న షాదీఖానా చూసుకోవడమే మేలు. మే నెలైతే మధ్యాహ్నం దావత్ వద్దు, ఇషా తర్వాత పెట్టండి.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. హిందూ స్నేహితులు, ఇరుగుపొరుగు వాళ్లు ఎక్కువగా వస్తారనుకుంటే కార్తీక మాసం, శనివారం తప్పించండి. ఆ రోజుల్లో మాంసం ముట్టనివాళ్లు చాలామంది. ఏ రోజైనా సరే శాకాహారానికి వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే గరిటెలు ఉండాలి. బగారా అన్నం, వంకాయ కూర, పప్పు, పెరుగు చాలు. బిర్యానీలో ముక్కలు తీసేసి "ఇది వెజ్ అండీ" అని పెట్టే పని మాత్రం చేయొద్దు.

పిలుపుల లిస్టు పేర్లతో కాకుండా ఇళ్లతో రాసుకోండి. ఇంటి పక్కన పెద్దలెందరు, పిల్లలెందరు అని రెండు గడులు. పదేళ్లలోపు పిల్లల్ని సగం కింద లెక్కేయాలి. ఉదాహరణకి 400 మంది పెద్దలు, 100 మంది పిల్లలు అంటే 450 భోజనాలు. తలకి 120 గ్రాముల బియ్యం, ఎముకతో కలిపి 150 గ్రాముల మటన్ అనుకుంటే బియ్యం 54 కిలోలు, మాంసం 67 కిలోల పైచిలుకు. దీన్ని పది కిలోల డేగిసాలు ఆరుగా సర్దుకోవచ్చు: ఒక్కోదానికి 10 కిలోల బియ్యం, పన్నెండున్నర కిలోల మాంసం. చికెన్ 65 లాంటివి ముందు వడ్డిస్తే బిర్యానీ తప్పకుండా మిగులుతుంది, అప్పుడు ఐదు డేగిసాలే చాలు.

మాంసం విషయంలో మనది అదృష్టమున్న జిల్లా. నెల్లూరు గొర్రె మాంసానికి పేరున్న జాతి, జోడిపి, పల్ల, దొర అని మూడు రకాలు. 30 కిలోల పొట్టేలు నుంచి సుమారుగా 14, 15 కిలోల మాంసం వస్తుంది కాబట్టి పై లెక్కకి ఐదారు పొట్టేళ్లు కావాలి. బతికున్న పొట్టేలు బేరం చేసేటప్పుడు ఈ సగం లెక్క గుర్తుంటే మోసపోరు. తలకాయ, కాళ్లు, బోటీ ఎవరికి పోతాయో కూడా ముందే అనుకోవాలి. ఎముకలు దాల్చాలోకి, సొరకాయ ముక్కలతో.

పచ్చి మాంసం మీద బియ్యం వేసి దమ్ పెట్టే కచ్చీ పద్ధతి రుచే. కానీ పెద్ద డేగిసాలో అడుగున ముక్క ఉడకకపోతే సరిదిద్దే దారి లేదు. మాస్టరుకి చేయి తిరిగి ఉంటే తప్ప, మాంసం ముందే ఉడికించే పక్కీ పద్ధతి అడగండి. దాల్చా, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా ఉంటే ఎవరూ ఇంకేం లేదా అని అడగరు. చేపల పులుసు నెల్లూరు పరువే, కాకపోతే ముళ్లు, పిల్లలు, పట్టుచీరలు! అది ముందురోజు రాత్రి ఇంటి చుట్టాలకి ఉంచుకోండి.

వడ్డనలో ఎక్కువ ఫిర్యాదులు ఆడవాళ్ల వైపు నుంచే వస్తాయి. మగవాళ్ల బంతి లేచాక మిగిలింది అటు పంపడం, అదీ చల్లారిపోయి, ముక్కల్లేకుండా. పరిష్కారం సులువే: ఆరింటిలో రెండు మూడు డేగిసాలు మొదటి నుంచే ఆడవాళ్ల వైపు పెట్టించి, అక్కడ వడ్డించడానికి వేరే ఆడమనుషుల్ని మాట్లాడుకోవాలి. మొదటి బంతిలో పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పిల్లల తల్లులు కూర్చోవాలి. ఫోటోల కోసం భోజనం ఆపకూడదు.

పిలిచేటప్పుడు పేదల్ని మరవొద్దు. డబ్బున్నవాళ్లని పిలిచి పేదల్ని వదిలేసిన వలీమా భోజనాన్ని అన్నిటికన్నా చెడ్డ భోజనంగా చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పిలిచి చివరి బంతిలో కూర్చోబెట్టినా అదే లెక్క అని నా అభిప్రాయం. వచ్చేవాళ్లకీ ఒక మర్యాద ఉంది. హజ్రత్ జైనబ్ (రజి) వలీమాలో కొందరు తిన్నాక కూడా కబుర్లలో కూర్చుండిపోయిన సందర్భంలోనే అహ్‌జాబ్ సూరా 53వ ఆయత్ వచ్చింది. రెండో బంతికి జనం నిలబడి ఉంటే లేచి చోటివ్వాలి.

కేటరర్‌తో మాట్లాడేటప్పుడు ప్లేటు లెక్కా, లేక సరుకు మనది వంటకూలి వాళ్లదా అన్నది కాగితం మీద ఉండాలి. ప్లేటు లెక్కైతే ప్లేట్లు లెక్కపెట్టే మనిషి మన ఇంటివాడై ఉండాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉందో లేదో అడగండి.

ఆఖరి డేగిసా మూత అవసరం పడేదాకా తీయించొద్దు. దమ్ మీద వేడిగానే ఉంటుంది కాబట్టి మిగిలితే అలాగే మదర్సాకో, పెద్దాసుపత్రి దగ్గర రోగుల బంధువులకో వెంటనే పంపొచ్చు. మూత తీసి రెండు గంటలు దాటిన అన్నం, బయట పెట్టిన పెరుగు చట్నీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మన ఉక్కకి అవి తొందరగా పాడవుతాయి.