తుపాకీ లైసెన్సు: విల్లంబుల నుంచి ఫారం దాకా మన కథ



ఏజెన్సీలో ఎక్కడైనా నాటు తుపాకీ దొరికి కేసు అయిందంటే కింద ఊళ్ళ వాళ్ళు ఒకే మాట అడుగుతారు: "లైసెన్సు తీసుకోవచ్చు కదా?" మనవాళ్ళ దగ్గర దానికి జవాబు ఉండదు. లైసెన్సు అనేది ఒకటుందని, దానికి మనం కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని మన తాతలకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ చరిత్ర కొంచెం పొడుగైనా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి మాత్రం అక్కర్లేదు. మనం గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆ చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పే వరసలో తుపాకీ, కత్తి, బల్లెంతో పాటు విల్లంబులు కూడా ఉన్నాయి! మన ఇంటి చూరులో ఉండే విల్లుని ఫిరంగి పక్కన పెట్టి రాశారు. కొండల్లో బతికే మనిషికి అది పనిముట్టు అన్న ఆలోచన ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

ఆ మరుసటి ఏడాది, 1879లో, రంప తిరుగుబాటు మొదలైంది. దానికి కారణం ఆయుధాల చట్టం కాదు. కల్లు మీద పన్ను, మున్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం మనవాళ్ళని లేపాయి. తమ్మన్నదొర, చంద్రయ్య లాంటి వాళ్ళు ముందు నిలబడ్డారు. దాన్ని అణచడానికి సర్కారు పెద్ద సైన్యాన్నే దింపాల్సి వచ్చింది. ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద, అడవి మీద ఆంక్షలు బిగించింది. చేతిలో ఆయుధానికి, కాలి కింద నేలకి, రెంటికీ పర్మిషన్ అడగాల్సిన రోజులొచ్చాయి.

1922 ఆగస్టు మనందరికీ తెలిసిందే. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ళ వెంట వందలమంది మన్యం జనం మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. వాళ్ళకి కావాల్సింది తుపాకులు. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. ఏమేం పట్టుకెళ్తున్నారో స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటాం. లైసెన్సు ఇవ్వని సర్కారుకి మనవాళ్ళు రసీదు ఇచ్చారు!

అటు నిజాం రాజ్యంలో బ్రిటిష్ చట్టం కాదు, నిజాం పాలన. అక్కడా నేల కోసం, అడవి కోసం నిలబడ్డ కొమురం భీంని 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసులు కాల్చి చంపారు.

అందరికీ ఇదే జరిగిందా అంటే, లేదు. కొడగులో కొడవలకు 1861లోనే మినహాయింపు దొరికింది. 1857లో కంపెనీ పక్షాన ఉన్నందుకు అది బహుమానం అని చెబుతారు. వాళ్ళ కైలుపోళ్దు పండగలో తుపాకీకి పూజ చేస్తారు. ఆ మినహాయింపు ఈరోజుకీ నడుస్తోంది. కేంద్రం 2019లో దాన్ని 2029 వరకు పొడిగించింది. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. ఒకరి ఆచారాన్ని చట్టం గుర్తించగలిగింది, మనది గుర్తించలేదు. అంతే తేడా.

స్వాతంత్య్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962లో అమల్లోకి వచ్చింది. మనవాళ్ళు తెలుసుకోవాల్సిన రెండు ముక్కలు దాంట్లో ఉన్నాయి. సెక్షన్ 13 ప్రకారం, నిజంగా పంట కాపలా కోసమే అయితే మూతిలోంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చు. అంటే భర్మార్ లాంటిదే. ఇక సెక్షన్ 14 ప్రకారం, "నీకు సరిపడా ఆస్తి లేదు" అన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. పట్టా లేని పోడు రైతుకి ఈ వాక్యం ఎంత విలువైనదో ఆలోచించండి.

పద్ధతి ఇది: 21 ఏళ్ళు నిండాలి. ఫారం నింపి లైసెన్సు ఇచ్చే అధికారికి దరఖాస్తు పెట్టాలి. జిల్లాల్లో మామూలుగా కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు. దగ్గరి స్టేషను నుంచి రిపోర్టు వెళ్తుంది. కాదంటే కారణం రాతలో నమోదు చేయాలి. మనం అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి కూడా, ప్రజాహితం దృష్ట్యా కుదరదు అనుకుంటే తప్ప. దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఊరైతే వన్యప్రాణి చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం కూడా కావాలి. మన ఊళ్ళు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. పైగా లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకి అనుమతి ఉన్నట్టు కాదు. అది వేరే చట్టం, వేరే కేసు.

లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ళ జైలు. తాత చూరులో దాచిన తుప్పు పట్టిన గొట్టం కోసం ఈ ఏడాది డిగ్రీ రాయాల్సిన తమ్ముడు కోర్టుల చుట్టూ తిరగాలా?

అందరం తుపాకులు కొనుక్కుందామని నేను అనట్లేదు. ఇంట్లో తుపాకీ ఉంటే తాగిన రాత్రి, కోపమొచ్చిన రాత్రి ఏమవుతుందో మనకి తెలుసు. నేననేది ఒక్కటే: చట్టం తెలియక మనవాళ్ళు జైలుకి పోకూడదు. అడవి పందుల వల్ల పంట పోయిన రైతు తరఫున దరఖాస్తు రాసి పెట్టే పని, నష్టపరిహారం అడిగే పని చదువుకున్న మనం చేయాలి. 1922లో మనవాళ్ళు స్టేషనుకి తుపాకుల కోసం వెళ్ళారు. ఇప్పుడు మనం సెక్షన్ నంబరు తెలుసుకుని, చేతిలో కాగితంతో వెళ్దాం.

మీ ఊళ్ళో పెద్దలకి ఇది చదివి వినిపించండి. జోహార్.